తేలిగ్గా ఉండాలి, చిరక్కూడదు: క్యాంపింగ్‌కి టార్ప్ ఎంచుకోవడం ఎలా

టార్ప్, అంటే తాళ్లతో కప్పులా కట్టుకునే నీళ్లు దిగని గుడ్డ, కొందామని కూర్చున్నవాళ్లు ముందు బరువు చూస్తారు, తర్వాత గుడ్డ పేరు, ఆ తర్వాత రంగు. మూలల దగ్గర కుట్టు ఎలా ఉందో మాత్రం కొన్నాక కూడా చూడరు. కానీ టార్పులు నడిమధ్యలో చిరగడం అరుదు. చిరిగేది తాడు కట్టే చోట, కుట్టు వెళ్లే చోట, లేదంటే నిప్పురవ్వ పడ్డ చోట. అందుకే ఇక్కడ వరస తిరగేస్తున్నాను: ముందు మీకు అసలు టార్ప్ పనికొస్తుందా, వస్తే ఎంత సైజు కావాలి, ఆ తర్వాత మూలలు, కుట్లు, ఆపైన గుడ్డ. బరువు చివర్లో. బరువు ముఖ్యం కాదని కాదు. మిగతావన్నీ సరిగ్గా ఎంచుకుంటే బరువు దానంతటదే ఒక అంకె దగ్గర ఆగుతుంది, అక్కడి నుంచి తగ్గించాలంటే దేన్నో ఒకదాన్ని వదులుకోవాల్సిందే.

1. ముందు తేల్చుకోవాల్సింది: టార్పా, టెంటా?

టార్ప్‌కి నేల ఉండదు, గోడలుండవు, జిప్పులుండవు. ఉన్నది కప్పు ఒక్కటే. లాభమూ దాంతోనే, నష్టమూ దాంతోనే. గాలి ధారాళంగా ఆడుతుంది కాబట్టి రాత్రంతా మనం వదిలిన ఊపిరి ఆవిరి గుడ్డకి పట్టి తెల్లారేసరికి నెత్తిన చుక్కలు రాలడం టెంట్‌తో పోలిస్తే బాగా తక్కువ. తడిసిన సామాను కప్పు కింద పరుచుకోవచ్చు, వాన పడుతుంటే కూర్చుని బూట్లు విప్పుకోవచ్చు, కావాల్సిన ఆకారంలో కట్టుకోవచ్చు. కానీ దోమలు, చీమలు, పక్కనుంచి కొట్టే జల్లు, నేలమీద పారే నీళ్లు, వీటికి టార్ప్ దగ్గర జవాబు లేదు. దోమతెర విడిగా తెచ్చుకోవాలి, కింద పరిచే పట్టా విడిగా తెచ్చుకోవాలి.

ఇక్కడే చాలామంది లెక్క తప్పుతుంది. టార్ప్ 400 గ్రాములే కదా అని సంబరపడతారు, దానికి దోమతెర, పట్టా, పెగ్గులు (తాడు కట్టడానికి నేలలో కొట్టే మేకులు), తాళ్లు, చెట్లు లేకపోతే కర్రలు, అన్నీ కలిపితే కిలో దాటిపోతుంది. ఆ బరువుకి ఒక మనిషి పట్టే తేలికరకం టెంటే వచ్చేస్తుంది. మీరు వెళ్లేచోట దోమలు ఏడాది పొడుగునా ఉంటాయంటే, లేదా చెట్టన్నదే లేని కొండ నెత్తిన, మంచు కురిసే చోట పడుకోవాలంటే, టార్ప్‌తో మొదలుపెట్టకండి. చెట్లున్న అడవి, మరీ ఈదురుగాలి లేని కాలం, చేతిలో ఎలాగూ ట్రెక్కింగ్ కర్రలు ఉండటం, ఇవి ఉంటే టార్ప్‌ని మించింది లేదు.

2. సైజు: అంచనా కాదు, లెక్క

టార్ప్ కొలతలు గుడ్డవి, మీరు పడుకునే చోటువి కావు. 3 మీటర్ల వెడల్పున్న టార్ప్‌ని పూరిపాక కప్పులా రెండు వైపులా వాలుగా కడితే ఒక్కో వాలుకి 150 సెంటీమీటర్ల గుడ్డ వస్తుంది. మధ్యలో తాడు 120 సెంటీమీటర్ల ఎత్తున కట్టి, అంచులు నేలకి ఆనించారనుకోండి, కింద దొరికే వెడల్పు 180 సెంటీమీటర్లే. అదే తాడుని 90 సెంటీమీటర్లకి దించితే వెడల్పు 240 అవుతుంది. ఇద్దరికి సుఖంగా చాలుతుంది, కాకపోతే లోపల కూర్చుంటే తల తగులుతుంది. 2.4 మీటర్ల వెడల్పున్న టార్ప్‌ని అదే 90 ఎత్తున కడితే నేలమీద మిగిలేది దాదాపు 159 సెంటీమీటర్లు. ఒక్కరికి, పక్కన సంచికి సరిపోతుంది.

పొడవు విషయంలో జల్లుని గుర్తుపెట్టుకోండి. వాన 45 డిగ్రీల వాలున కొడుతుంటే, కప్పు అంచు ఎంత ఎత్తులో ఉందో అంత దూరం లోపలికి తడుస్తుంది. చివర 90 సెంటీమీటర్ల ఎత్తులో తెరిచి ఉంటే 90 సెంటీమీటర్లు తడిసినట్టే. అందుకని మీ ఎత్తుకి రెండు చివర్లా కనీసం 60 సెంటీమీటర్లు కలుపుకోండి, గాలి వచ్చేవైపు చివరని బాగా కిందికి దించండి. 175 సెంటీమీటర్ల మనిషికి అలా 295 వస్తుంది, అంటే 3 మీటర్లు.

మొదటిసారి కొనేవాళ్లకి నా సలహా 3×3 మీటర్ల చదరం. ఒక్కరికి కాస్త ఎక్కువే, కానీ వాన ముసురు పట్టినప్పుడు ఆ ఎక్కువే ప్రాణం నిలబెడుతుంది. ఎప్పుడూ ఒక్కరే వెళ్తారంటే 2.4×3 చాలు. 1.5 మీటర్ల వెడల్పున్న బుల్లి టార్పులు కూడా కనబడతాయి, అవి నీళ్లు ఆపే స్లీపింగ్ బ్యాగ్ తొడుగు వాడేవాళ్ల కోసం. వాటి జోలికి ఇప్పుడే పోకండి.

ఆకారం గురించి ఒక్క మాట. అంచులు లోపలికి వంపుగా కోసినవి ఉంటాయి, వాటిని కాటనరీ కట్ అంటారు. తాడు బిగించగానే గుడ్డ మొత్తం సమానంగా బిగుసుకుంటుంది, గాలికి పటపటా కొట్టుకోదు. కానీ అది ఒకటి రెండు రకాలుగానే కట్టడానికి కుదురుతుంది. అంచులు తిన్నగా ఉన్న చదరపు టార్ప్‌ని ఎన్ని రకాలుగానైనా కట్టొచ్చు. నేర్చుకునేటప్పుడు చదరమే మేలు, మీకు నచ్చిన కట్టు ఏదో తెలిశాక వంపు టార్ప్ గురించి ఆలోచించొచ్చు.

3. మూలలు, ఉచ్చులు: ఇక్కడ టైమ్ తీసుకోండి

గాలి పెట్టే ఒత్తిడి వేగంతో సమానంగా పెరగదు, వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. గంటకి 36 కిలోమీటర్ల గాలి ఎదురుగా కొడితే చదరపు మీటరుకి సుమారు 6 కిలోల బరువు మోపినట్టు. 72 కిలోమీటర్లయితే 24 కిలోలు. టార్ప్ సగం, అంటే నాలుగున్నర చదరపు మీటర్లు గాలికి ఎదురుగా ఉందనుకుంటే, ఆ బరువంతా చివరికి చేరేది తాడు కట్టే నాలుగైదు ఉచ్చుల దగ్గరికి. అదీ నిలకడగా కాదు, కుదుపులు కుదుపులుగా. గుడ్డ ఎంత గట్టిదైనా ఆ ఉచ్చు పీకి చేతికొచ్చిందంటే ఆ రాత్రికి అంతే సంగతులు.

కాబట్టి ముందు మూల చేతిలోకి తీసుకుని చూడండి. గుడ్డకి చిల్లు పొడిచి ఇత్తడి రింగు కొట్టినవి ఒక రకం. మందపాటి కాన్వాస్‌కి అది సరిపోతుంది, పల్చటి గుడ్డకి సరిపోదు. లాగినప్పుడు బరువంతా రింగు అంచున ఉన్న నాలుగు పోగుల మీద పడుతుంది, అవి జరిగితే రింగు ఊడుతుంది. నైలాన్ నాడాని మడిచి ఉచ్చులా కుట్టినవి రెండో రకం, తేలికరకం టార్ప్‌కి కావాల్సింది ఇదే. ఆ నాడా కింద కనీసం ఇంకో పొర గుడ్డ అతుకు ఉండాలి, అది మామూలు గుడ్డకన్నా మందంగా ఉంటే ఇంకా మంచిది. అతుకు అంచు గుండ్రంగానో, రెండు అంచుల మీదకీ పాకేలా త్రికోణంగానో ఉండాలి. నాడాని పట్టి ఉంచే కుట్టు మామూలు కుట్టు కాదు, ఒకే చోట అటూఇటూ దట్టంగా వేసిన బార్‌ట్యాక్ అయి ఉండాలి, దగ్గరగా చూస్తే దారంతో పోసిన చిన్న గీతలా కనిపిస్తుంది.

ఇప్పుడు ఉచ్చులో వేలు పెట్టి, రెండో చేత్తో టార్ప్‌ని ఒక జానెడు అవతల పట్టుకుని, మూలకి సరిగ్గా మధ్య దిశలో లాగండి. మంచి మూలయితే ముడతలు విసనకర్రలా సమానంగా విచ్చుకుంటాయి. ఒకే ఒక్క ముడత గట్టిగా లేచిందంటే ఉచ్చు వంకరగా కుట్టారని అర్థం. లాగి పట్టుకుని సూది చిల్లుల్ని వెలుతురుకి పెట్టి చూడండి. లాగినప్పుడు చిల్లులు కోలగా సాగి వెలుగు కనిపిస్తుంటే, గాలి రోజున అవే చిరుగులవుతాయి.

ఎన్ని ఉచ్చులు కావాలి? నాలుగు మూలలు, నాలుగు అంచుల మధ్యలో నాలుగు, మొత్తం 8 లేకపోతే కొనొద్దు. 3×3 టార్ప్‌కి 12 నుంచి 16 ఉంటే హాయి. గుడ్డ మధ్యలో, నడికుట్టు మీద ఒకటి ఉంటే కర్ర లేకుండా పైనుంచి కొమ్మకి వేలాడదీయొచ్చు. వాలు మధ్యలో ఒక్కోటి ఉంటే గుడ్డని బయటికి లాగి లోపల చోటు పెంచుకోవచ్చు. ఇంతకన్నా ఎక్కువైతే అది బరువే, ఉపయోగం తక్కువ.

4. కుట్లు

ఈ గుడ్డలు ఎక్కువగా మీటరున్నర వెడల్పు తానులుగా వస్తాయి, కాబట్టి 3 మీటర్ల టార్ప్‌కి మధ్యలో ఒక కుట్టు దాదాపు తప్పదు. వాన నేరుగా పడేదీ, తాడు ఎక్కువగా లాగేదీ అక్కడే. రెండు ముక్కల అంచుల్నీ ఒకదానిలో ఒకటి మడిచి, రెండు వరసలు కుట్టి ఉండాలి. కిందా పైనా చూస్తే గుడ్డ కోసిన అంచు ఎక్కడా బయటికి కనబడకూడదు. ఒకే వరస కుట్టు, పోగులు బయటికి వచ్చిన అంచు కనిపిస్తే పక్కన పెట్టేయండి.

కుట్లు మరీ దట్టంగా ఉన్నా మంచిది కాదు. సెంటీమీటరుకి మూడు నాలుగు చాలు, అంతకు మించి గుచ్చితే గుడ్డ తపాలా బిళ్ల అంచులా అక్కడే చిరగడానికి సిద్ధమవుతుంది. దారం పాలిస్టర్‌ది కావాలి, నూలుది తడికి కుళ్లిపోతుంది.

సూది గుచ్చిన ప్రతిచోటా చిల్లే కదా, నీళ్లు అక్కడినుంచే దిగుతాయి. పీయూ, అంటే పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ పూత ఉన్న గుడ్డకి ఫ్యాక్టరీలోనే లోపలివైపు టేపు వేసి ఇస్తారు. రెండు వైపులా సిలికాన్ పట్టించిన గుడ్డకి ఆ టేపు అంటుకోదు, కుట్టుని మనమే సీల్ చేసుకోవాలి. కొనేముందు ఇది అడిగి తెలుసుకోండి. చేయడం పెద్ద కష్టమేమీ కాదు: సిలికాన్ సీలెంట్‌లో మినరల్ స్పిరిట్స్ (పెయింట్‌ని పల్చన చేసే ద్రావకం) కలిపి పల్చగా చేసుకుని, టార్ప్‌ని బిగించి కట్టి, బ్రష్‌తో బయటివైపు కుట్టంతా పూయాలి. ఒక రోజంతా ఆరనివ్వండి. ఆరాక టాల్కమ్ పౌడర్ కొద్దిగా చల్లితే మడతపెట్టినప్పుడు అంటుకుపోదు.

5. గుడ్డ: పేర్లు చూసి కంగారు పడొద్దు

20డీ, 40డీ అని రాసి ఉంటుంది, అది డెనియర్. 9000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములుందో అన్నదే ఆ అంకె. పోగు ఎంత లావో చెబుతుంది గానీ టార్ప్ ఎంత గట్టిదో చెప్పదు. మంచి పూత ఉన్న 20డీ గుడ్డ, నాసిరకం పూత ఉన్న 70డీ గుడ్డకన్నా చిరుగుని బాగా ఆపగలదు. ఎందుకంటే సిలికాన్ పోగుల్ని కాస్త జరగనిస్తుంది, చిరుగు వచ్చినప్పుడు నాలుగు పోగులు దగ్గరికి చేరి కలిసి అడ్డుకుంటాయి. పీయూ పూత పోగుల్ని ఎక్కడివక్కడ బిగించేస్తుంది, అప్పుడు ఒక్కోటీ విడివిడిగా తెగుతుంది. రిప్‌స్టాప్ అంటే మధ్యమధ్యలో లావు పోగులు గళ్లుగా నేసినది, అది ఉండాల్సిందే.

సిల్‌నైలాన్, అంటే సిలికాన్ పట్టించిన నైలాన్, గట్టిది, మెత్తగా గుప్పెట్లోకి మడతపడుతుంది. దాని గొడవ ఒకటే, నైలాన్ తడి పీల్చి సాగుతుంది. సాయంత్రం డప్పులా బిగించి కట్టినది వాన మొదలైన గంటకి కుంగి వేలాడుతుంది, లేచి మళ్లీ బిగించాలి. సిల్‌పాలీ, అంటే సిలికాన్ పట్టించిన పాలిస్టర్, తడికి దాదాపు సాగదు, ఎండకీ నైలాన్ కన్నా బాగా తట్టుకుంటుంది, అదే మందంలో చిరుగుని ఆపే శక్తి మాత్రం కాస్త తక్కువ. నన్నడిగితే మొదటి టార్ప్‌గా 20డీ లేదా 30డీ సిల్‌పాలీ తీసుకోమంటాను. అర్ధరాత్రి వానలో లేచి తాళ్లు బిగించే పని తప్పుతుంది, అది చిన్న సుఖం కాదు.

పీయూ పూత ఉన్నవి చవక, కుట్లకి టేపు వేసి వస్తాయి. కానీ తడిగా మడిచి దాచితే కొన్నాళ్లకి పూత జిగటబారి వాసన కొడుతుంది, ఆ తర్వాత పొరలుగా ఊడుతుంది. డైనీమా కాంపోజిట్, అంటే చాలా గట్టి డైనీమా పోగుల్ని పల్చటి ప్లాస్టిక్ పొరల మధ్య అతికించినది, అన్నిటికన్నా తేలిక, సాగదు, నీళ్లు పీల్చదు. ధర మాత్రం మిగతావాటికి కొన్ని రెట్లు, పైగా రాపిడికి, మొనదేలిన వాటికి చిల్లులు పడుతుంది, మడతపెడితే చోటు ఎక్కువ తింటుంది. రోజుల తరబడి సంచి మోస్తూ నడిచేవాళ్లకి తప్ప మిగతావాళ్లకి అంత డబ్బు పెట్టడం దండగ. నీలంరంగు ప్లాస్టిక్ టార్పులు నేర్చుకోడానికి మంచివే, కాకపోతే బరువు, ఎండకి పెళుసుబారతాయి. కాన్వాస్ బండి మీద వెళ్లేవాళ్లకి, నెగడు పక్కన కట్టేవాళ్లకి.

నెగడు అన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. నైలాన్ రకాన్నిబట్టి 220 నుంచి 265 డిగ్రీల సెల్సియస్ మధ్య, పాలిస్టర్ 260 దగ్గర కరిగిపోతాయి. డైనీమా పోగులైతే 150 లోపే. ఎగిరొచ్చిన ఒక్క రవ్వ చాలు చిల్లు పడటానికి. మంట కప్పుకి దూరంగా, గాలి అవతలికి వీచేవైపు ఉండాలి. అన్ని వైపులా దించి మూసేసిన టార్ప్ కింద స్టవ్ వెలిగించొద్దు, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కంటికి కనబడదు, ముక్కుకి తెలియదు.

నీళ్లు ఆపే శక్తిని మిల్లీమీటర్లలో రాస్తారు. 1500 మి.మీ. అంటే గుడ్డ మీద మీటరున్నర ఎత్తు నీళ్లు నిలబెట్టినా కిందికి దిగవని. పైకప్పుకి 1500 ధారాళంగా చాలు, ఎందుకంటే నీళ్లు జారిపోతాయి, దానిమీద ఎవరూ మోకాళ్లు ఆనించరు. 5000 అని రాసి ఎక్కువ అడిగితే మోసపోకండి, ఆ అంకె కింద పరిచే పట్టాకి కావాలి.

6. బరువు లెక్క

గుడ్డ జీఎస్ఎమ్‌ని, అంటే చదరపు మీటరుకి ఉన్న గ్రాముల్ని, వైశాల్యంతో గుణించండి. 3×3 టార్ప్ 9 చదరపు మీటర్లు. 45 జీఎస్ఎమ్ గుడ్డయితే 405 గ్రాములు, మడతలు, అతుకులు, ఉచ్చులు కలిపి ఇంకో పది శాతం వేసుకుంటే 450 దగ్గర తేలుతుంది. 25 జీఎస్ఎమ్ డైనీమా అయితే గుడ్డే 225. 85 ఉన్న పీయూ గుడ్డ 765. ఈ లెక్కతో అమ్మేవాళ్ల మాట కూడా పరీక్షించొచ్చు: 45 జీఎస్ఎమ్, 3×3 అని చెప్పి మొత్తం బరువు 350 గ్రాములని రాశారంటే, ఎక్కడో ఒకచోట అబద్ధం ఉంది, బహుశా కొలతల్లోనే.

దీనికి తాళ్లు, పెగ్గులు కలపండి. 2 మి.మీ. తాడు మీటరుకి రెండు మూడు గ్రాములు, 30 మీటర్లు కావాలి. 18 సెంటీమీటర్ల వై ఆకారపు అల్యూమినియం పెగ్గులు 8 కలిపి 100 నుంచి 130 గ్రాములు. మరీ సన్నటి పెగ్గులు తీసుకుని గ్రాములు మిగుల్చుకోవద్దు, మెత్తటి నేలలో అవే ముందు లేచిపోతాయి.

7. చేతికొచ్చాక, అడవికి వెళ్లేముందు

వాపసు గడువు ముగిసేలోపే ఇవన్నీ చేసేయండి. టేపు పెట్టి కొలవండి. ఎండకి ఎదురుగా పట్టి గుడ్డంతా చిల్లులకోసం వెతకండి, పూత పల్చబడ్డ చోట మచ్చలా వెలుగు ఎక్కువ కనిపిస్తుంది. గుడ్డని నోటికి గట్టిగా అదిమి ఊదండి, గాలి అవతలికి పోతుంటే పూత సరిగా పడలేదన్నమాట. తర్వాత బయట కట్టి, పైపుతో పావుగంట నీళ్లు కొట్టి, కింద కూర్చుని నడికుట్టుని చూడండి. ఎక్కడైనా చుక్క పడితే అక్కడ చాక్‌పీస్‌తో గుర్తు పెట్టుకుని ఆరాక సీల్ చేయండి.

8. కట్టడం

ఎన్ని కట్లో నేర్చుకోనక్కర్లేదు. పాక ఆకారం ఒకటి, ఒక మూలని చెట్టుకి కట్టి మిగతా మూడు మూలల్ని నేలకి కొట్టేది ఒకటి, ఈ రెండూ వస్తే చాలు. రెండోది గాలికి బాగా నిలుస్తుంది, చెట్టు ఒక్కటే చాలు.

పైన ఎండిన కొమ్మలు లేవని ముందు తలెత్తి చూడండి. నీళ్లు నిలిచే పల్లం వదిలేయండి. మధ్య తాడుని ఒక చెట్టుకి బోలైన్ ముడితో (బిగుసుకుపోని ఉచ్చు ముడి), రెండోదానికి ట్రక్కర్స్ హిచ్‌తో (తాడుని కప్పీలా లాగి బిగించే ముడి) బిగించండి. పెగ్గుల దగ్గర టాట్‌లైన్ హిచ్ వేస్తే ముడి విప్పకుండానే జరుపుకుంటూ బిగించొచ్చు. డైనీమా తాడు నున్నగా జారుతుంది, దానికి ఈ ముడి నిలవదు, కాబట్టి మామూలు నైలాన్ లేదా పాలిస్టర్ తాడే తీసుకోండి. పెగ్ తల టార్ప్‌కి అవతలివైపు వాలేలా, మొత్తం దిగేదాకా కొట్టండి. ఇసుకలో పెగ్గులు నిలవవు, చిన్న సంచిలో ఇసుక నింపి తాడు కట్టి పాతిపెట్టాలి.

వాలు ఎప్పుడూ ఉండాలి. చల్లగా నీడకోసం చదునుగా కట్టిన టార్ప్ మీద వాన మొదలైతే, 10 మి.మీ. వానకే 9 చదరపు మీటర్ల మీద 90 లీటర్లు, అంటే 90 కిలోలు చేరతాయి. గుడ్డ చిరగకపోయినా కర్రలు వంగుతాయి. చదునుగానే కావాలంటే ఒక మూలని బాగా కిందికి దించి నీళ్లకి దారి ఇవ్వండి.

చెట్టు మీదనుంచి కారే నీళ్లు తాడు పట్టుకుని లోపలికి వస్తాయి. టార్ప్‌కి బయటే, తాడు మీద ఒక జానెడు దారం కట్టి వేలాడదీస్తే నీళ్లు ఆ దారం మీదుగా కింద పడిపోతాయి.

9. ఎక్కువకాలం మన్నాలంటే

టార్ప్‌ని చంపేది వానకన్నా ఎండ ఎక్కువ. పగలంతా వాడకుండా కట్టి ఉంచొద్దు, విప్పేయండి. తడిగా మడవాల్సి వస్తే ఇంటికి రాగానే నీడలో పూర్తిగా ఆరబెట్టండి. మడతలు ప్రతిసారీ ఒకే గీత మీద పడకుండా సంచిలోకి కుక్కేయడమే మంచిది, డైనీమాని మాత్రం వదులుగా చుట్టండి. వాషింగ్ మెషీన్‌లో వేయొద్దు, గోరువెచ్చటి నీళ్లు, కొంచెం తేలికపాటి సబ్బు, మెత్తటి స్పాంజి చాలు.

చిరుగు పడితే, సిలికాన్ గుడ్డకి మామూలు రిపేర్ టేపులు ఎక్కువసేపు ఆగవు. అదే రకం గుడ్డ ముక్కని మూలలు గుండ్రంగా కోసి, సిలికాన్ జిగురుతో అతికించి, పైన బరువు పెట్టి ఒక రోజు వదిలేయండి. పీయూ గుడ్డకి, డైనీమాకి వాటి టేపులు వేరే ఉన్నాయి, రెండు వైపులా వేయండి. మూల ఉచ్చు ఊడితే అడవిలో తాత్కాలికంగా ఒక చిన్న గుండ్రాయిని గుడ్డలో చుట్టి, దాని మెడకి తాడు బిగించి కట్టేయొచ్చు. 

ఏడాదికోసారి అంచుని వేళ్లతో గట్టిగా లాగి చూడండి. ఎండకి పాడైన గుడ్డ రంగు వెలిసి, లాగితే చర్రుమని చిరుగుతుంది. అలా చిరిగితే దాన్ని ఇక నెత్తిమీద కట్టుకోవద్దు, బాగున్న ముక్కలు అతుకులకి, నాడా ఉచ్చులు కొత్తదానికి దాచుకుని మిగతాది పారేయండి.